ఎవరి ఏడు గంటలు?

ఎవరు ఏ టైం చెప్పినా మా అమ్మ ఎల్సీ ముందు అడిగేది ఒకటే. "ఎవరి టైం?"

మార్చి రాగానే ఎండాకాలం వెలుతురు కోసం మేం నవాహో తెగవాళ్ళం గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటాం. రోడ్డవతల మోయెంకోపీ ఊళ్ళో ఉండే హోపీ తెగవాళ్ళు తిప్పరు. ఇక నవంబరు దాకా మా ఊరు ట్యూబా సిటీలో మాకు ఏడైతే, రోడ్డు దాటితే ఆరు. నా ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. వంటింట్లో ఒక టైం చూపిస్తుంది, గొర్రెల దొడ్డి దగ్గర ఇంకోటి.

ఆ శుక్రవారం సాయంత్రం కోచ్ నువామ్సా మా ఇంటికొచ్చాడు. ఆయన హోపీ. నా మేనకోడలు డెజ్బాకి పరుగు నేర్పేది ఆయనే. మర్నాడు ఫ్లాగ్‌స్టాఫ్ పట్నంలో పరుగు పోటీ. డెజ్బా పరుగు చూడ్డానికి ఒక కాలేజీ కోచ్ వస్తోంది. ఆవిడకి నచ్చితే సీటు, లేకపోతే చదువు ఇంతటితో సరి. మా అమ్మ వండిన మాంసం కూర గిన్నె ఖాళీ చేసి నువామ్సా లేచాడు.

"పొద్దున ఏడింటికి మోయెంకోపీ కొట్టు దగ్గర బస్సు. ఎవరి కోసమూ ఆగం."

ఆయన వెళ్ళగానే నేను తేల్చేశాను. "హోపీ మనిషి చెప్పింది హోపీ ఏడు. అంటే మనకి ఎనిమిది. హాయిగా పడుకోండి."

"ఒకసారి ఫోన్ చేసి అడుగు మామయ్యా," అంది డెజ్బా బెంగగా. చేశాను. ఆయనింటి దగ్గర సిగ్నల్ ఉంటే కదా!

అమ్మ గిన్నెలు కడుగుతూ అడిగింది. "ఆయన ఎక్కడ కూర్చుని చెప్పాడు?"

"ఇక్కడే, నీ బల్ల దగ్గర."

"ఏం తింటూ?"

"నీ కూరే. అయితే?"

"మనింట్లో తిన్న పెద్దమనిషి మన టైమే చెప్తాడు. ఏడంటే మన ఏడే."

"కూర తింటే గడియారం మారిపోతుందా అమ్మా?"

"నీకు మారదులే. నువ్వు ఎవరింట్లో తిన్నా నీ టైమే."

డెజ్బా కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

చివరికి అమ్మ మాటే నెగ్గింది. మా ఏడింటికి అందేలా ఇద్దర్నీ ఎక్కించుకుని, పొద్దున్నే తిట్టుకుంటూ ట్రక్కు తీశాను. కొట్టు ముందు ఒక్క నరపురుగు లేదు. "చూశావా? హాయిగా పడుకున్నవాళ్ళని లేపి..." అంటూ మొదలుపెట్టానో లేదో, బస్సు మలుపు తిరిగింది. నిండా పిల్లలు.

నువామ్సా దిగాడు. "వచ్చారా! మా హోపీ పిల్లలందరికీ ఆరని చెప్పాను. మీరు లెక్కలేసుకోవడం ఎందుకని మీ ఏడే చెప్పా."

అమ్మ డెజ్బాని బస్సెక్కించింది. నా మాట వినుంటే ఈపాటికి పిల్ల మంచం మీద ఉండేది, బస్సు వెళ్ళిపోయేది. మేమంతా అంకెలు కూడుతూ తీసేస్తూ ఉంటే, మా అమ్మ మాత్రం ఆ టైం చెప్పిన మనిషిని చూస్తుంది. ఆవిడ కడుపున పుట్టినందుకు ఆ రోజు నిజంగా గర్వపడ్డాను.

డెజ్బా రెండో స్థానంలో వచ్చింది. సాయంత్రం కాలేజీ కోచ్ ఫోన్ చేసింది. సీటు గురించి మాట్లాడ్డానికి రేపు పదింటికి మా ఇంటికొస్తుందట.

"ఎవరి పది?" అంది డెజ్బా.

"పదంటే పదే కదమ్మా?" అందావిడ అయోమయంగా.

డెజ్బా ఫోన్ మీద చెయ్యి పెట్టి అమ్మమ్మ వైపు తిరిగింది.

"పాపం, కొత్త మనిషి. ఇంకా మన కూర తినలేదు," అంది అమ్మ. "రమ్మను. ఏ పదికి వచ్చినా కూర వేడిగా ఉంటుంది. ఒరే, నువ్వు ఎనిమిదికల్లా కట్టెలు కొట్టిపెట్టు."

"ఎవరి ఎనిమిదికమ్మా?" అన్నాను.