తిరగని చోటు

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయిన ఏడు, కోరుట్ల ఆడవాళ్లు సద్దుల బతుకమ్మను నడిరోడ్డు మీదే ఆడారు. పండగకు పండగ, రాస్తారోకోకు రాస్తారోకో. యూనివర్సిటీ మూతపడి ఇల్లు చేరిన రేణుక, తల్లి లస్మవ్వ చెయ్యి పట్టుకుని వచ్చింది. లస్మవ్వకు రెండు కళ్లలోనూ పొర. నాలుగడుగులు దాటితే అంతా మసకే.

దారిలో లస్మవ్వ మళ్లీ అదే అడిగింది. "ఏం సదువుతున్నవే బిడ్డా? పక్కింటి నర్సక్క అడిగితె చెప్పరాక సిగ్గైతుంది."

"నీకు సమజ్ గాదు తియ్యవ్వా."

చేపలు, పక్షులు, కంటికి కనపడని జీవులు ఎవరూ తోలకుండానే గుంపులుగా ఎలా కదులుతాయో, అదీ రేణుక పరిశోధన. కన్నతల్లికి నాలుగు ముక్కలు చెప్పడం మాత్రం అందులో లేదు కాబోలు.

ఏడెనిమిది వరసల వలయం కదిలింది. వంగి చప్పట్లు కొట్టే ఊపులో తల్లీకూతుళ్ల చేతులు విడిపోయాయి. అంతలోనే పోలీసు వ్యాన్లు వచ్చాయి. పది నిమిషాల్లో రోడ్డు ఖాళీ చెయ్యాలని మైకులో చెప్పారు. లాఠీలు లేస్తే చూపు లేని మనిషి ఎవరి కాళ్ల కింద పడుతుందో! రేణుకకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అవ్వా!" అని అరుస్తూ వలయంతో పాటే తిరిగింది. పాట సాగుతుండగా వలయాన్ని కోసుకుని లోపలికి పోకూడదు. బుద్ధెరిగిన నాటి నుంచి విన్న మాట అది. రెండు చుట్లు తిరిగినా ముందర అవే వీపులు. అప్పుడు తట్టింది. అందరూ ఒకే వేగంతో తిరిగితే ఎవరూ ఎవరినీ అందుకోరు. కానీ గుంపు గుండ్రంగా తిరిగిందంటే నడుమ తిరగని చోటొకటి ఉండి తీరుతుంది. వలయం ఎన్ని వంకర్లు పోయినా అది మాయం కాదు. మూడేళ్లుగా కాగితాల మీద తను చేస్తున్నది ఆ లెక్కే. అవసరానికి ఇంతసేపూ అటకెక్కింది.

అక్కడ నిలబడితే తిరిగే ప్రతి ముఖమూ కనబడుతుంది. తప్పయితే తప్పు అనుకుని లోపలికి దూరింది. తంగేడు పూల బతుకమ్మల పక్కన లస్మవ్వ నింపాదిగా నిలబడి ఉంది.

"గీడికెందుకచ్చినవవ్వా?"

"తిరుక్కుంట పోతె ఎట్ల దొరుకుతం బిడ్డా? నాకు నువ్వు అవుపడవు. నీకన్న నేను అవుపడాలె గదా. గందుకే నడుమ నిలవడ్డ."

రేణుకకు కళ్లనీళ్లు ఆగలేదు. తల్లిని పట్టుకుని రోడ్డు దిగి సందులోకి వచ్చాక అంది. "నర్సక్క అడిగితె చెప్పవ్వా. నేను సదివేది గిదే. నువ్వు నిలవడ్డ జాగ గురించే."

లస్మవ్వ కూతురి చెయ్యి వదలకుండానే అడిగింది.

"గింత దానికి మూడేండ్లా బిడ్డా?"