పందొమ్మిది పోగులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. ఫ్యాన్లు, మోటార్లు, హీటర్లు బాగుచేస్తాను. ఇరవై ఏండ్లుగా వైరు మీది తొడుగు ఒలవాలంటే నా పళ్లు, లేదా జేబులోని లైటర్. "పర్శరాములూ, మంచి పనిముట్టు కొనుక్కోరాదా" అని ఎవరైనా అంటే, "నా పండ్ల కంటె మంచిదా?" అని కసిరేవాణ్ణి.

ఆ చలికాలం పొద్దున మంగవ్వ ఫోన్ చేసింది. గుడ్లు పొదిగే కరెంటు పెట్టె పెట్టుకుని నాటుకోడి పిల్లలు అమ్ముకునే మనిషి.

"పెట్టె సల్లవడ్డది బిడ్డా. డెబ్బై గుడ్లున్నయి, రేపు పిల్లలైతయి. ఇవి పోతే నేను మల్ల కూలికే పోవాలె."

పరుగున వెళ్లి చూద్దును కదా, పది రోజుల కింద నేను అతికిన చోటే హీటరు వైరు తెగి ఉంది. అది వేడికి కరగని టెఫ్లాన్ వైరు. జారుడుగా ఉండి పళ్లకు దొరకకపోతే అప్పుడు బ్లేడుతో గీశాను. లోపల సగం పోగులు తెగినా చూసుకోలేదు. మిగిలినవి కాగి కాగి ఈ పొద్దున తెగిపోయాయి. తప్పు ముమ్మాటికీ నాదే. అయినా మంగవ్వతో "కరెంటు ఎక్కువ తక్కువైంది" అన్నాను. సిగ్గులేని నోరు!

ఆ వైరు ఎల్లారెడ్డిలో దొరకదు. పెట్టె మీద గొంగడి కప్పమని చెప్పి కామారెడ్డి బస్సెక్కాను.

స్టేషన్ దగ్గర యాకూబు భాయ్ దుకాణంలో ఇలాంటి సామానంతా ఉంటుంది. వైరు కత్తిరిస్తూ అడిగాడు.

"దేనితోని ఒలుస్తవ్ పర్శన్నా?"

"బ్లేడుకు పోగులు తెగుతున్నయి. ఈసారి లైటర్‌తోని కాలుస్త."

"ఏడ?"

"ఏడేంది? పెట్టె కాడ్నే. గుడ్లు పొదిగే పెట్టె."

ఆయన వైరు చుట్టి మళ్లీ గల్లా కింద పెట్టేశాడు. "అయితే నేనియ్య."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆడ గుడ్లు సల్లవడుతున్నయి భాయ్! పరాచికాలా?"

"కాలిస్తే దీని పొగ విషం. మనిషికి సలిజ్వరం వస్తది. పిట్టలైతే బతకయి. దుకాణంల గిట్లనే కాల్చిన, పక్కనే పావురాల పంజరం. పదకొండు. నా చేతులార సంపుకున్న."

పోయిన ఏడు ఇలాంటి వైరే కాల్చి ఒక ఓవెన్ బాగుచేసిన సాయంత్రం దుప్పటి కప్పుకుని వణకడం గుర్తొచ్చింది. దోమలను తిట్టుకున్నాను అప్పుడు!

ఆయన మూడు పనిముట్లు ముందర పెట్టాడు. మొదటిది వేడితో ఒలిచేది. "మంచిదే గని, పొగ బయటికి గుంజే ఫ్యాను ఉండాలె. నీకు లేదు." రెండోది మర తిప్పి సరిచేసుకునేది. "చెయ్యి జర ఎక్కువైతే పోగులు తెగుతయ్." మూడోదానికి పళ్లలో వరుసగా చిన్న చిన్న గంట్లు ఉన్నాయి. "ఒక్కో సైజు వైరుకు ఒక్కో గంటు. తోలు కోస్తది, రాగిని ముట్టది. ఇది తీస్కపో."

డబ్బులిచ్చి లేవబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఒలిచి సూపియ్యి."

విసుక్కుంటూనే ఆ పనిముట్టుతో ఒలిచాను. భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టాడు. పద్నాలుగు. "ఐదు తెంపినవ్. మల్ల." బస్సు పోతుందని మొత్తుకున్నా వినలేదు. ఈసారి పదిహేడు. తర్వాతి గంటులో పెట్టి లాగితే తెల్లటి తొడుగు మెత్తగా జారి వచ్చింది. "పందొమ్మిది. ఇగ పో," అన్నాడు.

మధ్యాహ్నం రెండు కాకముందే, కొత్త వైరుతో పెట్టె మళ్లీ వేడెక్కింది. అప్పటికే రెండు గుడ్లకు బీటలు వచ్చి లోపల ముక్కులు కదులుతున్నాయి. యాకూబు భాయ్ ఆపకపోతే వాటి పక్కనే లైటర్ వెలిగించేవాణ్ణి. చచ్చిపోతే అదీ కరెంటు మీదికే నెట్టేవాణ్ణి.

మర్నాటికి అరవై ఒక్క పిల్లలు. మంగవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ చేతులకు మొక్కాలె బిడ్డా."

"మొక్కకు అవ్వా. తెంపింది గూడ ఈ చేతులే. కరెంటుది ఏం తప్పులేదు. కామారెడ్డి భాయ్ ఆపకపోతె నా లైటర్ పొగకే ఇవి సచ్చేటియి."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నిన్న జెప్తె చీపురు తిరగేద్దును. ఇయ్యాల ఏమని తిట్టాలె, ఇవి గిట్ల కండ్ల ముందట తిరుగుతుంటె! గా భాయ్‌కి ఫోన్ జెయ్ ఫస్టు."

చేశాను. జన్మలో ఎవరికీ మంచిమాట చెప్పి ఎరగని వాణ్ణి. ఏం చెప్పాలో తెలియక ఫోన్‌ను పిల్లల దగ్గర పెట్టాను. కిచకిచలు.

"అన్నా," అన్నాడు యాకూబు భాయ్. "ఫోన్ ఆడ్నే ఉంచు. ఇంకొంచెం సేపు ఇననియ్యి."