దడికి కడుపొచ్చింది

దేవుడు చెప్పింది చెప్పినట్టు చేశానని కృపానందం ఊరంతా చెప్పుకు తిరిగాడు. అబద్ధం అనలేం. ఒక్క కొబ్బరిచెట్టు తప్ప మిగతాదంతా చేశాడు మరి.

సంగతేమిటంటే, తమ్ముడు ప్రకాష్ కువైట్‌లో ఉండగా, ఇద్దరి పెరళ్ల మధ్య దడి కొత్తగా కట్టించే వంకతో కృపానందం దాన్ని రెండు మూరలు అటు జరిపించాడు. దాంతో తమ్ముడి గంగబొండం కొబ్బరిచెట్టు కాస్తా ఇటు వచ్చేసింది. ప్రకాష్ తిరిగొచ్చి చూశాడు. గొడవ పడలేదు, మాట్లాడటం మానేశాడు. గొడవ పడినా బాగుండేది. ఆరేళ్లుగా ఒకే చర్చిలో ఒకే చాప మీద కూర్చుంటూ కూడా పలకని తమ్ముణ్ణి చూస్తే కృపానందానికి అన్నం సయించేది కాదు.

చివరికి మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేశాడు. దడి వెనక్కి జరపమని మనసులో స్పష్టంగా వినపడింది. "ఆయ్, అలాగే ప్రభువా" అన్నాడు. మర్నాడే మనుషుల్ని పెట్టి గుంజలు పీకించాడు. అంతా బాగానే సాగింది కానీ, చెట్టు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. గెలలు చూస్తే కళ్లు తిరిగేలా ఉన్నాయి. 'ఛ, ఇది నా కోసమా? దీని కాయలన్నీ మందిరానికే ఇచ్చేస్తాను' అనుకున్నాడు. అలా దేవుణ్ణి కూడా వాటాదారుణ్ణి చేసేసి, ఆ ఒక్కచోటా దడిని చెట్టు చుట్టూ తమ్ముడి వైపుకి గుండ్రంగా తిప్పించాడు.

భార్య సత్యప్రియ వచ్చి చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఏవండీ, దడికి నెలలు నిండినట్టున్నాయండీ."

"నవ్వమాకు. అది దేవుడి చెట్టు."

"దేవుడు మీకు చెప్పేటప్పుడు చెట్టు దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించేరాండీ?"

కృపానందం వినపడనట్టు లోపలికెళ్లిపోయాడు.

ఆదివారం కోతపండగ. ఎవరి పంట వాళ్లు చర్చికి తెచ్చి ఇస్తే, వాటిని వేలంపాట పెట్టి, వచ్చిన డబ్బు మందిరం ఖర్చులకి వాడతారు. కృపానందం ఇస్త్రీ బట్టలేసుకుని, ఉన్నవాటిలో పెద్ద గెల తెచ్చి, దడి జరిపిన సాక్ష్యం చెప్పి, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"కృపానందంగారి చెట్టు గెలండీ, ఎంతకి పాడతారు?" అన్నారు పాస్టరుగారు.

ప్రకాష్ చెయ్యెత్తాడు. తన చెట్టు గెలకి తనే పాట పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు, అందరూ తలలొంచుకున్నారు. గెల భుజానికెత్తుకుని తిన్నగా అన్న ముందుకొచ్చి, ఆరేళ్ల తర్వాత నోరు విప్పాడు.

"బొండాలు బాగున్నాయండీ, కృపానందంగారూ."

అన్నయ్యా అనలేదు. గారు అన్నాడు, అండీ అన్నాడు. బూతులు తిట్టినా అంత తగిలేది కాదు. గోదారి మర్యాద ఎదురు తిరిగితే తట్టుకోవడం మనిషి వల్ల కాదు.

కృపానందం పండగ భోజనానికి ఆగలేదు. ఇంటికొచ్చి, ఆ ఇస్త్రీ బట్టలతోనే చెట్టు చుట్టూ ఉన్న గుంజలన్నీ పెకలించేశాడు. అప్పుడు అనుమానమొచ్చింది. మిగతా దడి జరిపింది కూడా తన కంటి కొలతతోనే కదా, ఆ కంటిని నమ్మడమెలా? తాడు తెచ్చి ముందు హద్దురాయికి కట్టాడు. వెనక రాయి దగ్గర పట్టుకునేవాళ్ల కోసం చూస్తుంటే, గెల దింపుకున్న ప్రకాష్ వచ్చి రెండో కొస అందుకున్నాడు.

తాడు బిగిసింది. బిగిసిన తాడు చెట్టుని తమ్ముడి వైపు వదిలి, నిరుడు కృపానందం కట్టించుకున్న కొత్త బాత్రూం మూలని కోసుకుంటూ పోయింది.

"అయ్యో, బాత్రూమండీ!" అని సత్యప్రియ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

ప్రకాష్ తాడుని చూశాడు, గోడని చూశాడు, చెమటలు కక్కుతున్న అన్న మొహం చూశాడు.

"అక్కడ కాస్త వంచేద్దాంలే, అన్నయ్యా."

ఆ పిలుపుకి కృపానందం కళ్లు నిండిపోయాయి.

"వద్దురా. నువ్వు లాగి పట్టు" అని, గునపం కోసం వెతకడం మొదలుపెట్టాడు.