గుండ్రంలో బొమ్మ

ఆ ఇంట్లో ఎన్నికల పోస్టరు ఏది అచ్చయినా మొదటి కాగితం ఎన్నికల్లో నిలబడేవాడి చేతికి రావాలి. తాత పెట్టిన పద్ధతి అది. సిరా ఆరకముందే తేవాలి, అతను వేలు పెట్టి చూడాలి, వేలికి రంగంటితే నవ్వి "బాగుంది, వేసుకోండి" అనాలి. తాత అలాగే అనేవాడు, తర్వాత తండ్రి, తండ్రి తర్వాత అన్న. అన్న పోయాక మూడు ఎన్నికలుగా తమ్ముడు, ఇప్పటి మంత్రి, అంటున్నాడు. నిజం చెప్పాలంటే ఇతనికి రంగుల సంగతి ఒక్క ముక్క తెలియదు.

ఆ పొద్దున ప్రెస్సు యజమాని కాగితాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు. బల్ల మీద పరిచి, లేచిపోకుండా ఒక మూల మంత్రిగారి కళ్ళజోడు డబ్బా, ఇంకో మూల కాఫీ కప్పు పెట్టాడు. మంత్రి అలవాటుగా వేలు చాచాడు. చాచిన వేలు చాచినట్టే ఉండిపోయింది.

ఆ ఇంటి పోస్టర్లలో పై వరసన ఉండే గుండ్రాలన్నీ పోయినవాళ్ళవి. బతికున్న మనిషి కింద నిలువెత్తున, చేతులు జోడించి నిలబడతాడు. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా ఈ లెక్క తెలుసు. ఇప్పటిదాకా గుండ్రాలు మూడే: తాత, తండ్రి, అన్న. ఈ కాగితం మీద నాలుగున్నాయి. నాలుగో గుండ్రంలో తనే ఉన్నాడు, హాయిగా నవ్వుతూ. కింద నిలువెత్తున అన్న కూతురు, తెల్లబట్టల్లో, కళ్ళనిండా నీళ్ళతో.

"ఇదేమిటయ్యా?" అన్నాడు.

"పెద్దమ్మగారు చెప్పారండీ, ముందుజాగ్రత్తకి," అన్నాడు ప్రెస్సాయన. "ఎవరు చెప్పినా మొదటి కాగితం మీకు చూపించకుండా ఎలా వేస్తానండీ? నవ్వు కాస్త ఎక్కువైందంటారా? తగ్గించమంటే తగ్గిస్తాను."

పెద్దమ్మగారంటే మంత్రి తల్లి. పాపం, ప్రెస్సాయనలో కల్మషం లేదు. ఆ ఇంట్లో ఒకరికి తెలిసింది అందరికీ తెలిసే ఉంటుందనుకునే రకం.

"ముందుజాగ్రత్త ఏమిటి?"

"అదేనండీ, మీ అన్నగారప్పుడు చేసినట్టే. ఆయనది కూడా పెద్దమ్మగారు ముందే వేయించి అటక మీద పెట్టించారు కదండీ. లేకపోతే కబురు తెలిసిన మర్నాటికల్లా ఊళ్ళో ప్రతి గోడకీ పోస్టరు ఎక్కడొస్తుంది? మొన్న పాప కూడా ఆ సంగతులన్నీ అడిగి అడిగి చెప్పించుకున్నారండీ. వాళ్ళ నాన్నగారంటే ఎంత ప్రేమో!"

ప్రెస్సాయన వెళ్ళిపోయాక మంత్రి తలుపు గడియ వేసుకున్నాడు. భయం వేసింది.

అతను రాజకీయాల్లోకి వస్తానని ఎవరికీ చెప్పలేదు. బట్టల కొట్టు పెట్టుకుని గల్లా దగ్గర కూర్చోవాలనుకున్న మనిషి. సరిగ్గా ఎన్నికల ముందు అన్న కారు కొండదారి మలుపులో లోయలో పడింది. బ్రేకులు పడలేదన్నారు. ఆ రోజు బండి తోలినవాడు కొత్త డ్రైవరు. వాడు మాత్రం ఎలాగో తలుపు తీసుకుని దూకి బతికాడు. మర్నాడు ఏ గోడ చూసినా గుండ్రంలో అన్న నవ్వుతున్నాడు, కింద ఇతను నిలువెత్తున ఉన్నాడు. జనం ప్రేమ చూడమని అందరూ అంటే ఇతనూ అదే అనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపే గెలిపించింది. రెండోసారి అన్న పేరు గెలిపించింది. మూడోసారి ఎదుటివాడి తెలివితక్కువతనం గెలిపించి, రోడ్ల మంత్రిని కూడా చేసింది. మొదటి సభలో అన్న పడిన మలుపు దగ్గర గోడ కట్టిస్తానని మాటిచ్చాడు. రెండో ఎన్నికల్లోనూ ఇచ్చాడు. మూడో ఎన్నికల్లో ఆ మాటకి జనం నవ్వారు. ఈసారి చేయించిన సర్వేలన్నీ ఓడిపోతాడనే చెబుతున్నాయి.

పీఏ తలుపు తట్టాడు. సాయంత్రం కొండ మీది ఊళ్ళో సభ ఉంది, భోజనం కాగానే బయల్దేరాలి. "పాత డ్రైవరుకి జ్వరమటండీ. కొత్తతను వచ్చాడు."

మంత్రి గడియ తియ్యలేదు.

మధ్యాహ్నం తల్లి ఎప్పటిలాగే అతని పక్కన కూర్చుని చేప ముళ్ళు తీసి పెడుతోంది. జుట్టు నెరిసిన కొడుక్కి ముళ్ళు తీసి పెట్టడమేమిటని పూర్వం అన్న ఎగతాళి చేసేవాడు. ఆమె తీసిన చేపలో ఇంతవరకూ ఎవరికీ ముల్లు గుచ్చుకోలేదు.

"అమ్మా, అన్న పోస్టరు ముందే ఎందుకు వేయించావు?"

తల్లి చెయ్యి ఆగలేదు. ముల్లు లాగి పళ్ళెం అంచున పెట్టింది. "వాడు ఓడిపోతాడని తెలిసింది గనక."

"ఓడిపోతే?"

"ఓడిపోతే ఏమవుతుందో నీకేం తెలుసు, చిన్నవాడివి. మీ నాన్న ఒక్కసారి ఓడిపోయారు. మళ్ళీ గెలిచేదాకా ఈ గుమ్మం ముందు ఒక్క జత చెప్పులు కనపడలేదు. నేను ఎదురుపడితే వీధిలో ఆడవాళ్ళు పక్కకి తిరిగి పోయేవాళ్ళు. ఆ బతుకు మళ్ళీ నావల్ల కాదు."

"అందుకని వాణ్ణి చంపించావా?"

"మెల్లిగా. వంటావిడ వింటుంది." తల్లి ఇంకో ముల్లు తీసింది. "కన్నదాన్ని, నాకు మాత్రం కడుపు మండలేదనుకున్నావా? వాడు పుట్టిన రోజున నాకిప్పటికీ ముద్ద దిగదు. తిను, చల్లారిపోతోంది."

చంపించలేదని ఒక్క మాట అంటుందేమోనని అతను చూశాడు. ఆమె అనలేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నది ఈ మనిషే. ఆ చేతులే ఇవి.

"ఇవాళ నా వంతా? కొత్త డ్రైవరు వచ్చాడు."

"డ్రైవర్ల సంగతి నాకేం తెలుసురా? అవన్నీ పాప చూసుకుంటోందిగా ఈమధ్య. పోస్టరంటావా, వేయించి ఉంచాను. నీ గురించి ఇంకా ఏమీ అనుకోలేదు."

ఆ 'ఇంకా' దగ్గర అతని చేతిలో ముద్ద జారిపోయింది. బతకడానికి ఒక్కటే దారి కనిపించింది. అన్నేళ్ళు పట్టుకుని వేలాడిన కుర్చీ ఒక్కసారిగా ముష్టి కుర్చీ అయిపోయింది.

"అమ్మా, నేను తప్పుకుంటాను. ఈసారి పాపని నిలబెడదాం. ఇవాళ సభలో నా నోటితో నేనే చెప్పేస్తాను."

తల్లి మొహం వెలిగిపోయింది. "ఆ మాట ముందే అనుంటే ఈ గొడవంతా ఉండేదా? ఇప్పటికి బుద్ధొచ్చింది నాయనా!"

"అయితే నువ్వు కూడా నా కార్లో రా. నా పక్కన కూర్చో."

ఆమె అతని కళ్ళలోకి చూసి ఫక్కున నవ్వింది. "నన్ను నమ్మవన్నమాట. మంచిదే. అదైనా నేర్చుకున్నావు. పద, వస్తాను."

ఆ నవ్వు చూశాక అతనికి ప్రాణం లేచొచ్చింది. తన కార్లో ఆమే ఎక్కుతానంటోందంటే కారుకి ఏ భయమూ లేదన్నమాటే.

వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. అన్న కూతురు వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. తండ్రి పోయిన రోజున స్కూలు బ్యాగు భుజాన వేసుకుని ఇదే వాకిట్లో బిక్కమొహంతో నిలబడ్డ పిల్ల. సైకిలు తొక్కడం తనే నేర్పాడు. లా చదివింది, తక్కువ మాట్లాడుతుంది.

"నానమ్మా, నువ్వు కూడా వెళ్తున్నావా?" అంది.

"మీ బాబాయికి నేను పక్కన లేకపోతే తోచదుట."

"మంచిది. నేనే చెబుదామనుకున్నాను, ఇద్దరూ కలిసి వెళ్తే బాగుంటుందని." నానమ్మ చీర కుచ్చిళ్ళు తలుపులో పడకుండా వంగి లోపలికి సర్దింది.

"సాయంత్రం నీకో మంచి కబురు వినిపిస్తాను తల్లీ," అన్నాడు మంత్రి.

"అలాగే బాబాయ్. ఇంక వెళ్ళండి," అంది.

వెళ్ళి రండి అనకుండా వెళ్ళండి అందేమిటా అనుకున్నాడు. పిల్ల ఏదో ధ్యాసలో ఉందనుకున్నాడు.

ఊరు దాటి కారు కొండదారి పట్టింది. కిటికీలోంచి చల్లటి గాలి వస్తుంటే తల్లి సీటుకి తల ఆనించి కునుకు తీసింది. కొత్త డ్రైవరు పలకడు, ఉలకడు. నిద్రలో తల్లి మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. ఈమెని జన్మలో క్షమించలేననుకున్నాడు, వెంటనే ఆమె తల పక్కకి ఒరిగితే భుజం ఆసరా ఇచ్చాడు. ఇంక ఆ పోస్టరు చింపించేస్తే పీడా వదులుతుంది. ప్రెస్సాయనకి ఫోను చేశాడు.

"పొద్దున తెచ్చిన పోస్టరు వద్దయ్యా. అచ్చు కూడా చెరిపెయ్యి."

"అలాగేనండీ. ఏది తీసెయ్యమంటారు? నాలుగు గుండ్రాలదా, ఐదు గుండ్రాలదా?"

"ఐదేమిటి?"

"పాప నిన్న వేయించారు కదండీ, ఐదు గుండ్రాలది. నాలుగోది మీరు, ఐదోది పెద్దమ్మగారు. చాలా బాగా వచ్చిందండీ. మీకు చూపిస్తానన్నాను గానీ, ఈసారి మొదటి కాగితం తనకే ఇవ్వమని పాప పట్టుకుపోయారు. రాత్రికల్లా గోడలకి అంటించాలన్నారండీ. ఆపమంటారా?"

ఫోను చేతిలోంచి జారి సీటు కింద పడింది. అందులోంచి ప్రెస్సాయన గొంతు "అండీ, అండీ" అంటూనే ఉంది.

"బండి ఆపు," అన్నాడు మంత్రి.

డ్రైవరు ఆపలేదు. ఎడం చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చేత్తో తన పక్కన తలుపు గడియ తీశాడు.

ఆ చప్పుడికి తల్లికి మెలకువ వచ్చింది. "ఏమిట్రా? వచ్చేశామా?" అంది.

అతను తల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎదురుగా, మూడు ఎన్నికల్లో తను గోడ కట్టిస్తానన్న మలుపు కనిపిస్తోంది.