వేలానికెక్కిన వెనక సీటు

సీటు కోసం పార్టీలు మారేవాళ్ళున్నారు. నేను పార్టీ మారలేదు, ఏకంగా సీటునే మార్చాను. నడుం నొప్పితో రెండేళ్ళుగా తెనాలి దాటని మా ఆవిడ జ్యోత్స్న, ఈసారి రేపల్లెలో వాళ్ళక్క వెళ్ళే చర్చిలో కోత పండుగకి పాట పాడి తీరతానంది. బస్సు కుదుపులు ఆవిడకి పడవు. బండి మీద చీరతో ఒకపక్కకి కూర్చుంటే ఆనుకోవడానికి ఏమీ ఉండదు. దాంతో ఆవిడ నడుం కోసం నేను నడుం కట్టాను.

ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కోసేసి, బండి వెనక ఎడమవైపుకి తిప్పి బిగించాను. కింద పాత ట్యూబు ముక్కలు, పైన పరుపు ముక్క, పాదాలకి చెక్క పలక, ఎండకి గొడుగు నిలబెట్టే గొట్టం. ఆవిడ ఎక్కగానే బండి ఎడమకి ఒరిగింది. కుడివైపు నూనె డబ్బా కట్టి, చర్చికి కానుకగా ఇవ్వాల్సిన గుమ్మడికాయలు అందులో వేశాను. బరువుకి బరువు, భక్తికి భక్తి.

వేమూరు దాటాక గోతులొచ్చాయి. భయపడుతూ అద్దంలో చూస్తే, ఆవిడ గొడుగు కింద హాయిగా ఆనుకుని పాట సాధన చేస్తోంది! పట్టలేని సంతోషంతో హారన్‌తో తాళం వేశాను.

చర్చి దగ్గర దిగాక, ఎండకి కుర్చీ కాలిపోతుందని ఊడదీసి వరండాలో పెట్టాను. దాని మీదే గుమ్మడికాయలు పెట్టాను. అక్కడే బుర్ర పనిచెయ్యలేదు. కోత పండుగ నాడు ఆ వరండాలో పెట్టిందేదైనా దేవుడికిచ్చినట్టే. ఆరాధన అయ్యాక వేలం వేసేస్తారు.

ఆవిడ పాట అదిరిపోయింది. బయటికొస్తే, వేలం వేస్తున్న జార్జి నా కుర్చీని పైకెత్తి, కింది బిగింపులు చూపిస్తూ, బండి మీద బెజవాడ దాకా వెళ్ళినా నడుముకి తెలియదని వర్ణిస్తున్నాడు. నాదని చెప్పబోయాను. అంత పొగడ్త విన్నాక నోరు రాలేదు. జనం పోటీపడి పెంచుతుంటే ఊపొచ్చి నేనూ పెంచాను, నా సీటుకే. పాట పాడటానికి వచ్చింది ఆవిడ, వేలంపాట పాడుతున్నది నేను. చివరికి నేనూ, సుందరయ్య అనే పెద్దాయనా మిగిలాం.

"అంత పట్టు దేనికి బాబాయిగారూ?" అనడిగాను.

"మీ పిన్ని చర్చి మొహం చూసి ఏడాదైందయ్యా. దీని మీదైతే తీసుకురావచ్చు."

అయినా ఆ ఊపులో మళ్ళీ నోరు తెరిచాను. జ్యోత్స్న చొక్కా పట్టి లాగింది.

"ఊరుకోండి. నాకైతే మీరు ఇంకోటి చేస్తారు. ఆవిడకెవరు చేస్తారు?"

ఊరుకున్నాను. కుర్చీ సుందరయ్యకే వెళ్ళింది. ఎలా బిగించాలో చూపించి, గొడుగు గొట్టం కూడా ఇచ్చేశాను.

మరి ఇంటికి వెళ్ళడమెలా? వదినగారింటికి వెళ్ళి రంపం అడిగాను. ఆవిడ గబగబా తన కుర్చీలు లోపలికి సర్దడం మొదలుపెట్టింది. జ్యోత్స్న అప్పటికే ఒకదాంట్లో కూర్చుని, వెనక్కి ఆని, అటూ ఇటూ ఊగి చూస్తోంది.

"ఇది కొయ్యండి. దీనికి చేతులున్నాయి. దీని మీదైతే బాపట్ల కూడా వెళ్ళొచ్చు, సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో."

వదినగారు చెల్లెల్నీ, కుర్చీనీ మార్చి మార్చి చూసింది. తర్వాత రంపం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అది దిగాక కొయ్యండి మరిదిగారూ."