యజమాని మాయమైన కుట్టుమిషను

బాబాయి కొట్టు అరల నిండా కుట్టుమిషన్లే. కొన్ని జనం బాగుచేయమని ఇచ్చినవి, కొన్ని బాబాయి కొనిపడేసిన పాతవి. ఆ పాతవాటిని మర్నాడు ఇనుప సామాన్ల వ్యాపారి పట్టుకుపోతాడు. ఏవి ఎవరివో తేల్చే పని అన్న కూతురు అమ్మడి మీద పెట్టాడు బాబాయి.

కంప్యూటర్లో ఇందుకు పనికొచ్చే పట్టికలు రెండున్నాయి. ఒకదాంట్లో మిషన్లు, ఒక్కోదాని పక్కన యజమాని నంబరు. రెండోదాంట్లో ఆ నంబర్లూ, పేర్లూ, ఫోన్లూ. నంబరుకు నంబరు కలిపి రెండింటినీ జాయిన్ చేసింది అమ్మడు. జాబితా వచ్చింది గానీ, కిటికీ పక్కన ఉన్న చిన్న నల్ల మిషను అందులో లేదు.

"ఇది నువ్వు కొన్నదా బాబాయ్?"

"జాబితాలో లేకపోతే కొన్నదే. ఇచ్చెయ్."

అమ్మడికి మనసొప్పలేదు. కొన్నవాటి పక్కన యజమాని గడి ఖాళీగా ఉంటుంది. మిషన్ల పట్టికలో దీని పక్కన 212 అని ఉంది. ఈసారి, జత దొరకకపోయినా సరే మిషన్లన్నీ చూపించమని కంప్యూటర్ని అడిగింది. నల్లది వచ్చింది, పేరుండాల్సిన చోట ఏమీ లేకుండా. రెండో పట్టికలో 211 ఉంది, 213 ఉంది.

"నంబరుంది, మనిషి లేదు. ఎవరో తీసేశారు."

"కంప్యూటరుకీ మతిమరుపొచ్చిందేమోలే," అన్నాడు బాబాయి, స్క్రూ మీంచి తల ఎత్తకుండా.

"మిషను తయారైందని మెసేజ్ పోయేది కూడా ఈ జాయిన్ మీదే కదా, దీనికి పోయుండదు. పాపం, ఎవరో మనల్ని తిట్టుకుంటూ కూచునుంటారు."

ఆ రెండూ కాక, చేసిన పనులకు మూడో పట్టిక ఒకటుంది. అందులో 212ని వెతికితే రెండు దొరికాయి. ఒకటి ఈ నల్లదానికి సూది సర్దడం. రెండోది వేరే మిషనుకి, ఇంటికెళ్ళి చేసినది. పక్కన బాబాయి వివరం రాసుకున్నాడు. అమ్మడు పైకి చదివింది: "పెద్ద మిషనుకి బెల్టు మార్చాను. కుక్క కరిచింది."

బాబాయి చెయ్యి దానంతటదే పిక్క మీదకెళ్ళింది.

టీ తెచ్చిన పిన్నికి నవ్వాగలేదు. "టైలరమ్మ వాళ్ళ కుక్క. 'మా వాడు మంచివాళ్ళని కరవడండీ' అందట. ఆ రోజంతా ఈయన రుసరుసలే. ఏమండీ, ఆవిణ్ణి తీసిపారేశారా?"

"ఆవిణ్ణి తీసేశా. ఆవిడ మిషను ఇక్కడుందని గుర్తులేదు," నసిగాడు బాబాయి. "అయినా అదేమన్నా చిన్న మాటా?"

"కోపం మీది, మిషను ఆవిడది. రేపీపాటికి పాతినుములో కలిసిపోయేది."

అమ్మడు టైలరమ్మను అదే 212 కింద మళ్ళీ ఎక్కించింది. కొత్త నంబరిస్తే మిషను ఆవిడ పేరును వెతుక్కోలేదు. ఆ తర్వాత ఫారిన్ కీ పెట్టానంది.

"అదెక్కణ్ణించి తెప్పించాలి?"

"తెప్పించేదేం లేదు బాబాయ్. మిషను పక్కన రాసిన నంబరు యజమానుల పట్టికలో ఉండి తీరాలని షరతు, అంతే. ఇప్పుడు ఆవిణ్ణి తీసెయ్, చూద్దాం."

బాబాయి నొక్కాడు. కుదరదంది కంప్యూటరు, ఈ నంబరు మీద ఇంకా మిషను ఉందంది. పట్టు వదలక మళ్ళీ నొక్కాడు. అదే జవాబు.

"నాకంటే మొండిది," అని లేచి, నల్ల మిషనును గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాడు. ఫోన్ నంబరు తనే చెరిపేశాడు కాబట్టి ఇంటికెళ్ళక తప్పదు.

గడప దాటి ఆగాడు. "అమ్మడూ, నువ్వూ రా. ముందు నువ్వు నడుద్దువుగాని."

"నేను మంచిదాన్నేగా, నాకేం భయం," అంటూ చెప్పులేసుకుంది అమ్మడు.