నాయనమ్మ కూర్చున్న బాల్కనీ

ఆ ఇంట్లో పళ్లు తోముకోవడం కంటే ముందు జరిగే పని నాయనమ్మ మంచం కాళ్ల కింద ఇటుకలు సరిచూడటం. ఆవిడ చెవిన అబద్ధం పడితే చాలు, బరువెక్కిపోతుంది. కొడుకు నడుముకి తువ్వాలు చుట్టుకుని ఫోన్లో "దార్లోనే ఉన్నానండీ, వచ్చేస్తున్నా" అన్నాడంటే అవతల గదిలో మంచం కిర్రుమంటుంది. నాలిక్కరుచుకుని "ఇంకా స్నానం కూడా కాలేదండీ" అని ఒప్పుకుంటేగానీ ఆ బరువు దిగదు. ఆవిడని కారెక్కించుకునే డ్రైవరు ముందుగా టైర్లలో గాలి చూసుకుని, ఇల్లు చేరేదాకా నోరు మెదపడు.

మనవరాలు ఆ మంచానికి ఆసరాలు పెడుతూనే పెరిగింది. ఎక్కడ ఎంత భారం పడుతుందో, ఎక్కడ ఇటుక జారుతుందో ఊహ తెలిసినప్పట్నుంచీ దానికి తెలుసు. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదువుతానంటే ఇంట్లో ఎందుకని అడిగినవాళ్లే లేరు.

చదువయ్యాక ఉద్యోగమూ దొరికింది. ఆరు నెలలు చూసి, పని నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ గడువు రేపోమాపో ముగుస్తుందనగా వచ్చిపడింది బాల్కనీ గొడవ.

కట్టేది అపార్టుమెంటు. మొదటి అంతస్తు బాల్కనీ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కింద స్తంభం ఉండదు. అలాంటిదానికి ప్రాణమంతా పైవరస ఇనప రాడ్లలోనే. కాంక్రీటు పోసేరోజు పనివాళ్లు ఆ రాడ్ల మీదే అటూ ఇటూ తిరిగి వాటిని అడుక్కి తొక్కేశారు. మనవరాలు మెట్లెక్కి వచ్చి, చూసి, గొంతు చించుకుని అరిచేసరికే సగం పోసేశారు.

"ఎత్తించేస్తాం మేడం, మీరు కంగారు పడకండి," అన్నాడు కాంట్రాక్టరు. ఎత్తించలేదు.

కాంక్రీటు గట్టిపడ్డాక పెద్ద ఇంజనీరు ఆమెని పిలిచాడు. "సంతకం పెట్టమ్మా, స్లాబు కింద ఆన్చిన సెంట్రింగ్ చెక్కలు విప్పేస్తారు."

"పెట్టను సార్. రాడ్లు కిందికి దిగిపోయాయి."

"ఎత్తించానంటున్నాడుగా? ఆయనకి ముప్ఫైయేళ్ల అనుభవం. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. ఎల్లుండి నీ ఉద్యోగం సంగతి తేల్చాల్సింది నేనే, గుర్తుందా?"

గుర్తులేకేం! కానీ రేపు ఆ బాల్కనీలో ఎవరో చంటిపిల్లనెత్తుకుని నిలబడతారు. "గుర్తుంది సార్. అయినా పెట్టను. బరువు పెట్టి పరీక్షిద్దాం."

"ఇసక బస్తాలు మొయ్యడానికి నా దగ్గర మనుషుల్లేరు," కాంట్రాక్టరు అడ్డుపడ్డాడు.

"బస్తాలొద్దు. మా నాయనమ్మని తీసుకొస్తాను."

ఆవిడ సంగతి ఊళ్లో తెలియనిదెవరికి! పెద్ద ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. "కుర్చీ కాస్త గట్టిది చూడండి," అన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లి సంగతి చెబితే నాయనమ్మ ఒకటే అడిగింది. "పడతానటే?"

"పడనివ్వను."

మంచం కిర్రుమనలేదు. ఆవిడ అటు తిరిగి హాయిగా కునుకు తీసింది.

మర్నాడు పొద్దున్న మనవరాలు బాల్కనీ కింద రెండు వేళ్ల సందు వదిలి ఇనప జాకీలు నిలబెట్టించి, ఆ తర్వాతే దగ్గరుండి సెంట్రింగ్ విప్పించింది. స్లాబు కుంగితే వాటిమీద ఆగాలి. ఒక్కో జాకీని తనే ఊపి చూసుకుంది. ఇనుము తూచే చక్రాల కాటా పైకి ఎక్కించి, దానిమీద కుర్చీ వేసి నాయనమ్మని కూర్చోబెట్టింది. పక్కనే తనూ చతికిలబడింది.

"ఒసేయ్, నువ్వెందుకే ఇక్కడ?"

"ఆ జాకీలు పెట్టించింది నేను. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటాను."

కాంట్రాక్టరు తెలివిగలవాడు. నోటికి తాళం వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం నాయనా, పని బాగా చేయిస్తున్నావా?" అని నాయనమ్మ పలకరించింది. ఆయన నవ్వాడేగానీ పెదవి విప్పలేదు. ఆవిడ పిట్టంత తేలిగ్గా కూర్చుని వీధి చూస్తోంది. పెద్ద ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. మనవరాలు కింది జాకీలకేసి మరోసారి తొంగి చూసింది.

అంతలో కాంట్రాక్టరు ఫోన్ మోగింది. చేసింది ఆ ఫ్లాటు కొన్నాయన. అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా! "నమస్తే సార్! పని ఫస్టుక్లాసు! బాల్కనీ రాడ్లన్నీ దగ్గరుండి పైకెత్తించాను సార్, ఏనుగు గంతులేసినా..."

కాటా ముల్లు గిర్రున తిరిగింది. పదిమందిని మొయ్యాల్సిన బాల్కనీ నలుగురి బరువుకే గోడ పక్కన ఫట్‌మని నెర్రె విచ్చింది. స్లాబు కుంగి జాకీల మీద కూలబడింది. జాకీలు మూలిగాయి. ముల్లు ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఎత్తించలేదు! ఎత్తించలేదమ్మా!" కాంట్రాక్టరు కెవ్వుమన్నాడు, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయి.

బరువు దిగింది. జాకీలు నిలిచాయి. నాయనమ్మని కుర్చీతో, కాటాతో సహా గదిలోకి లాగారు.

"భయమేసిందటే?" అడిగింది ఆవిడ.

"లేదు," అంది మనవరాలు. ముల్లు టక్కున ఎగిరింది. "సరేలే, చచ్చేంత భయమేసింది," అనగానే దిగింది. అంతటి కంగారులోనూ పనివాళ్లు ఘొల్లుమన్నారు.

పెద్ద ఇంజనీరు నవ్వలేదు. గుమ్మం దగ్గర వంగి నెర్రెలో వేలు పెట్టి చూసి, చాలాసేపటికి లేచాడు.

"ఇది కొట్టించి మళ్లీ పోయిద్దాం. పై అంతస్తులన్నీ నువ్వే చూడు. రేపటిదాకా ఎందుకమ్మా, నీ ఉద్యోగం ఖాయం," అన్నాడు.

మనవరాలు ఆయన మొహంకేసి చూడలేదు. అందరితోపాటు కాటా వంక చూసింది.

ముల్లు కదల్లేదు.